గాలి వీరాస్వామి

రాజమండ్రిలో మా మందుల షాపు ఎదురుగా, నాలుగు వీధులు కలిసేచోట ఒక ఫౌంటెన్ ఉండేది. సాయంత్రం ఆరయ్యేసరికి వీరాస్వామి వచ్చి, గట్టు పక్కనున్న ఇనప మూత తెరిచి వాల్వు తిప్పేవాడు. నీళ్ళు లేచేవి. అతని అసలు పని ఆ తరవాత మొదలయ్యేది. పిల్లలు గట్టు దగ్గర చేరగానే, ఏమీ ఎరగనట్టు ఎటో చూస్తూ, చటుక్కున ఇంకో పావు చుట్టు తిప్పేవాడు. నీళ్ళు ఎగిరి వాళ్ళ నెత్తిన పడేవి. కేకలు, పరుగులు, మళ్ళీ అందరూ అక్కడికే రావడం.

“గాలండి, మనమేం చేస్తాం,” అనేవాడు తల్లులతో.

నా కళ్ళజోడు ఎన్నిసార్లు తడిపాడో లెక్కలేదు. ఓసారి గట్టిగా కసిరాను. “ఆయ్, గాలండి,” అన్నాడు. యాభై దాటిన మనిషికి ఇదేం చిలిపితనమని విసుక్కున్నాను గానీ, మర్నాడు ఆరింటికి షాపు గుమ్మంలో నిలబడింది నేనే.

రెండువేల మూడు పుష్కరాలకి ఫౌంటెన్ పొద్దుట నుంచీ తిప్పమన్నారు. “లోపల ఒక్కరు కాలుపెట్టినా నువ్విక రానక్కర్లేదు,” అని చెప్పి వెళ్ళాడు కాంట్రాక్టరు. వీరాస్వామి మెడలో ఈల వేసుకున్నాడు. ఆ మనిషికి ఈల అస్సలు నప్పలేదు. పదకొండేళ్ళుగా అతనికి తెలిసిన పని ఇదొక్కటే.

నాలుగోరోజు పొద్దున్న నూకరత్నం అనే ముసలావిడ కర్ర పొడుచుకుంటూ కోడలితో వచ్చింది. యానాం దగ్గర చేపలు పట్టుకునేవాళ్ళట. ఘాట్‌లో జనాన్ని తోసుకుని మెట్లు దిగలేక వెనక్కి వచ్చేసింది. పుష్కరాలకి షవర్లు పెట్టారని ఎవరో చెప్పారు కాబోలు, ఇదీ అదే అనుకుంది. కర్ర కోడలికిచ్చి, కొంగు నడుముకి దోపి గట్టెక్కింది.

వీరాస్వామి ఈల నోట్లో పెట్టుకున్నాడు.

“ఇయ్యి గోదారి నీళ్ళేనా నాయనా?” అందావిడ. “మళ్ళీ పుష్కరాలకి నేనుండను.”

మా ఊరి కుళాయిల్లో వచ్చేవి గోదావరి నీళ్ళే, ఫౌంటెన్‌లోవీ అవే. కానీ ఆ మాట అన్నాడంటే అతని పని పోయినట్టే.

ఈల వదిలేశాడు. “గోదారేనండి. దిగండమ్మా,” అని చెయ్యందించాడు. వెళ్ళి వాల్వు తగ్గించాడు. నీళ్ళు అంత మెత్తగా పడటం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ ముక్కు మూసుకుని మూడుసార్లు తల వంచింది. సూర్యుడికి దోసెడు నీళ్ళు వదిలింది. ఇక గట్టు దిగుతుందనగా వీరాస్వామి చెయ్యి ఊరుకోలేదు. పావు చుట్టు! నీళ్ళు ఎగిరి ఆవిడ నెత్తిన పడ్డాయి. బోసినోటితో ఎంత నవ్విందో!

“గాలండి,” అన్నాడు.

ఆవిడ వెనకాల ఇరవైమంది వరస కట్టేశారు. మధ్యాహ్నానికి కాంట్రాక్టరు వచ్చాడు.

మర్నాడు ఇంకో మనిషి వాల్వు తిప్పాడు. నీళ్ళు తిన్నగా లేచి తిన్నగా పడ్డాయి. సాయంత్రం వీరాస్వామి వచ్చి ఊరికే గట్టుమీద కూర్చున్నాడు. పిల్లలు చుట్టూ చేరి, మొహాలు పైకెత్తి చాలాసేపు చూశారు.

“గాలి రాదేంటి తాతా?” అంది ఒక పిల్ల.

“ఇంక రాదమ్మా.”

ఆ పిల్ల కాసేపు అతని మొహంలోకి చూసింది. గట్టుమీంచి వంగి దోసిలి నింపుకుని, ఆ నీళ్ళు అతని నెత్తిన చిమ్మి, “వచ్చింది తాతా!” అంది.