సీమ ఎలుకతో నెమలి మీదుగా విస్సన్నపేటకు

పందొమ్మిది వందల డెబ్బై నాలుగు, మే నెల రెండో శుక్రవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు తిరువూరులో మా వీధి మలుపు దగ్గర కారెక్కాను. ఒళ్లో వెదురు బుట్ట. బుట్టలో వరిగడ్డి. గడ్డిలో ఎలుక. ఆ మూడో సంగతి కారులో నాకొక్కదానికే తెలుసు.

ఎలుకంటే మీ వంటింట్లో తిరిగే రకం కాదు. తోక ఉందో లేదో వెతుక్కోవాలి. బంగారు రంగు బొచ్చు, గుప్పెడంత ఒళ్లు, పగలంతా నిద్ర. హేమ్‌స్టర్ అంటారట. మా తమ్ముడు రామ్మూర్తి విశాఖలో ఒక కాలేజీ ప్రయోగశాలలో అటెండరుగా చేసి, రిటైరై వస్తూ దీన్ని పిల్లగా తెచ్చుకున్నాడు. రంగూ గుండ్రమూ చూసి బూరె అని పేరు పెట్టాడు. పెళ్లీ పెటాకులూ లేనివాడు, విస్సన్నపేటలో ఒక గది తీసుకుని దానితోనే కబుర్లు చెప్పుకుంటూ బతుకుతున్నాడు. కంట్లో శుక్లం తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్తూ బూరెను నాకు అప్పగించాడు. ఇప్పుడు ఇంటికొచ్చి కళ్లకు కట్టుతో పడుకుని ఉన్నాడు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కాంపౌండరు వచ్చి కట్టు విప్పుతాడనీ, కన్ను తెరవగానే ముందు బూరెనే చూడాలనీ కబురు పంపాడు. తెస్తానని మాటిచ్చాను.

గురువారం బస్సులోనే బయల్దేరాను. కండక్టరు బుట్ట చూసి, "అందులో ఏముందమ్మా?" అన్నాడు. "ఎలుక" అన్నాను. నాకు అబద్ధం అంత చప్పున రాదు. పక్కసీటు ఆవిడ కాళ్లెత్తి సీటు మీద పెట్టుకుంది. వెనకెవరో "చంపండి చంపండి" అన్నారు. "దానికీ ఒక టికెట్టు కొట్టు నాయనా" అన్నాను. "ఎలక్కి టికెట్టు లేదు. ఎలకతో వచ్చినోళ్లకీ లేదు. దిగమ్మా" అన్నాడు. దిగాను. ఇలాంటి జీవితో ప్రయాణం పెట్టుకునేవాళ్లు బస్సు సంగతి మర్చిపోండి.

కారు మా వియ్యంకుడు నరసయ్యగారిది. మా అమ్మాయిని వాళ్ల పెద్దబ్బాయికిచ్చాం. తిరువూరులో రైసు మిల్లు ఉంది ఆయనకి. కొత్తగా అంబాసిడరు కొన్నారు, సెకండు హ్యాండుదే అయినా మెరుస్తోంది. శుక్రవారం నెమలి వేణుగోపాలస్వామి గుళ్లో పూజ చేయించి, వినగడప దగ్గర బంధువుల మామిడితోటలో భోజనాలు చేసి, విస్సన్నపేట మీదుగా తిరిగి రావాలని ఆయన ఏర్పాటు. నన్నూ రమ్మన్నారు. చిక్కల్లా ఒక్కటే. మిల్లు నడిపే మనిషికి ఎలుక జన్మశత్రువు. బోన్లు, మందులు, మూడు పిల్లులు పెట్టుకుని పోరాడుతున్నారు. భోజనం దగ్గర ఎలుక మాటెత్తితే విస్తరి ముందునుంచి లేచిపోతారు. నిన్న బస్సులో నిజం చెప్పి దిగాను కాబట్టి, ఈరోజు అడిగేదాకా చెప్పకూడదని నోరు కట్టేసుకున్నాను. అడగలేదు కూడా. ఎండాకాలంలో గడ్డి పరిచిన బుట్ట చూస్తే మా వైపు ఎవరికైనా మామిడికాయలే తోస్తాయి.

డ్రైవరు మస్తాన్ పక్కన నరసయ్యగారు, వెనక నేనూ ఆయన భార్య అనసూయమ్మ వదినా కూర్చున్నాం. నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. అప్పటినుంచీ రోడ్డు పక్క రాయి కనిపిస్తే చదవకుండా ఉండలేను. ఊళ్ల పేర్లు, ఎరువుల బోర్డులు, గోడల మీద ఎన్నికల రాతలు అన్నీ పైకే చదువుతున్నాను.

"చెల్లెమ్మా, రోడ్డు మీద రాసిందల్లా మాకు వినిపించాలా?" అన్నారు నరసయ్యగారు.

"మీరు ముందు కూర్చుని ఒక్కటీ చదవట్లేదుగా అన్నయ్యగారూ, మీ వంతు కూడా నేనే చదువుతున్నాను" అన్నాను.

ఎనిమిదింటికల్లా నెమలి చేరాం. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. అద్దాలెత్తిన కారులో చిన్న ప్రాణిని వదలకూడదని తమ్ముడు మరీమరీ చెప్పాడు. బుట్ట దించి, ప్రహరీ నీడలో పెట్టి, తడిగుడ్డ కప్పి, గడ్డి సందులోంచి దోసకాయ ముక్క లోపలికి తోశాను. ఇది చాలా అవసరం, నీళ్ల గిన్నె కారులో నిలవదు. పూజారిగారు బానెట్టు మీద పసుపూ కుంకుమా దిద్ది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. మస్తాన్ కారు ముందుకు పోనిచ్చి నాలుగు కాయలూ చితక్కొట్టాడు. నేను మాత్రం బుట్ట దగ్గరే కూర్చుని కొంగుతో విసురుతున్నాను.

పూజారిగారు ప్రసాదం తెస్తూ, "ఏమ్మా, కాయలకి కూడా చెమటలు పడుతున్నాయా?" అన్నారు.

"సున్నితమైన రకమండీ" అన్నాను. అబద్ధం కాదు.

పదకొండు దాటాక వినగడప దగ్గర తోటకు చేరాం. తోటవాళ్లు లేరు, కోతకి ఇంకో తోటకు వెళ్లారు. నలుగురమూ చెట్టుకింద చాపలు పరుచుకుని పులిహోర, దోసావకాయ, పెరుగన్నం తిన్నాం. ఎండ తగ్గేదాకా నడుం వాల్చి, మూడు కాకముందే బయల్దేరాలనుకున్నాం. తోట నుంచి విస్సన్నపేటకు ముప్పావుగంట అన్నాడు మస్తాన్. నాకు కునుకు పట్టింది. అదే దెబ్బ.

మా వైపు ఇంకో అలవాటుంది. గడ్డిలో మగ్గబెట్టిన కాయల బుట్ట ఎవరిదైనా సరే, పక్కన కూర్చున్నవాడు లోపలికి చెయ్యి పెట్టి పండిందో లేదో నొక్కి చూస్తాడు. అడగడాలు ఉండవు. నేను కళ్లు తెరిచేసరికి నరసయ్యగారి చెయ్యి మోచేతిదాకా బుట్టలో ఉంది.

"అదుగో, ఒకటి దొరికింది. బాగా మెత్తబడింది" అంటున్నారు భార్యతో.

"అన్నయ్యగారూ, చెయ్యి తియ్యండి."

"వెచ్చగా కూడా ఉంది. గడ్డి బాగా కప్పావు చెల్లెమ్మా, అలా వెచ్చబడితేనే మగ్గేది."

పండు తీసి తొడిమ దగ్గర వాసన చూడటం కూడా మా అలవాటే. ఆయన నా వైపు చూసి మాట్లాడుతూనే బూరెను తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. బూరె నిద్రలోంచి లేచి ఆయన మీసాలు వాసన చూసింది.

ఆ అరుపుకి చెట్టుమీద కాకులు లేచిపోయాయి. చెయ్యి విదిలించారు. బూరె చాప మీద పడి, ఒక్క క్షణం ఆగి, తలుపు తెరిచున్న కారులోకి దూకి వెనకసీటు కిందికి దూరిపోయింది.

"ఎలక! కొత్తకార్లో ఎలక! పొద్దున్నే పూజ చేయించిన కారు! సీట్లో పీచంతా కొరికి పారేస్తుంది. ఒరే మస్తానూ, పొగ పెట్టరా!"

"పొగ పెడితే నన్ను కూడా లోపల కూర్చోబెట్టి పెట్టండి" అని తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. అప్పుడు మొత్తం చెప్పేశాను. తమ్ముడి కన్ను, కట్టు, నాలుగు గంటలు, బస్సు, అన్నీ.

"కన్ను తెరవగానే చూట్టానికి మీ తమ్ముడికి ఎలక తప్ప ఇంకేం దొరకలేదా?"

"మీరు కళ్లజోడు పెట్టుకున్న రోజు మొదట చూసింది వడ్ల బస్తా. నేనేమన్నా అన్నానా?"

అనసూయమ్మ వదిన నవ్వు ఆపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పాపం, ఒంటి మనిషండీ. పట్టుకుని ఇచ్చేద్దాం" అంది. ఆయన పొగ మాట వదిలారు గానీ, అరగంట చూస్తానన్నారు. ఆలోగా దొరక్కపోతే కొరకనిచ్చే ప్రసక్తి లేదన్నారు.

మస్తాన్ వెనకసీటు ఊడదీసి బయట పెట్టాడు. కారు కొన్న మర్నాడే నరసయ్యగారు అందులో వడ్ల నమూనా సంచులు తిప్పారు. సీటు కింద మూలమూలనా వడ్లు రాలి ఉన్నాయి. మస్తాన్ టార్చి వేశాడు. చివరి మూల బూరె కూర్చుని ఉంది. దాని మొహం రెండింతలైంది. ఈ జాతికి బుగ్గల్లో సంచులుంటాయి, దొరికినదంతా అందులో దాచుకుంటుంది. ఒక గింజను మాత్రం ముందు కాళ్లతో పట్టుకుని వలుస్తోంది.

నరసయ్యగారు మోకాళ్ల మీద వంగి, తల లోపలికి పెట్టి చూశారు. తిడతారనుకున్నాను. ఆయన మెల్లిగా చెయ్యి చాపి, అది వలిచి పడేసిన బియ్యపు గింజలు రెండు మూడు ఏరుకుని వెలుతుర్లోకి వచ్చారు. అరచేతిలో తిప్పి తిప్పి చూశారు.

"విరగలేదు" అన్నారు.

"ఏంటండీ?" అంది వదిన.

"నూక లేదే! ఒక్క గింజా విరగలేదు. రబ్బరు రోలర్లు తెప్పించి వేయించినా నా మిల్లులో ఇంత నూక పోతోంది. ఇది పళ్లతో వలిచిందే!"

మళ్లీ వంగి, గుప్పెడు వడ్లు అరచేతిలో పోసుకుని, చెయ్యి లోపల పెట్టి కదలకుండా ఉండిపోయారు. చొక్కా చెమటకి తడిసిపోయింది.

"ఇన్నేళ్ల కాపురంలో నన్నెప్పుడూ ఇలా బతిమాల్లేదు వదినా ఈయన" అంది అనసూయమ్మ.

"అరవకే, బెదురుతుంది" అన్నారాయన లోపల్నించి.

బూరె వచ్చింది. ఒక కాలు వేసింది, ఆలోచించింది, మొత్తం ఎక్కి కూర్చుని వడ్లు బుగ్గల్లో కూరుకోవడం మొదలుపెట్టింది. ఆయన రెండో చెయ్యి మీద కప్పి బయటికి తీశారు. సీటు బిగించేసరికి మూడూ పది. బుట్ట నాకివ్వలేదు. ముందు సీట్లో తన ఒళ్లోనే పెట్టుకున్నారు.

"మస్తానూ, త్వరగా పోనీ."

"అలాగేనండి."

"గుంటల్లో మెల్లిగా పోరా! లోపల మనిషున్నాడనుకున్నావా బస్తా ఉందనుకున్నావా?"

విస్సన్నపేటలో తమ్ముడి గదికి చేరేసరికి కాంపౌండరు సత్యం చివరి చుట్టు విప్పుతున్నాడు. తమ్ముడు కళ్లు మూసుకునే, "అక్కా, వచ్చావా? తెచ్చావా?" అన్నాడు. "తెచ్చాంలేవయ్యా" అన్నారు నరసయ్యగారు నాకంటే ముందు. సత్యం దూది తీసి, సీసా అడుగులంత మందం ఉన్న కళ్లజోడు పెట్టాడు.

తమ్ముడు కన్ను తెరిచాడు. నీళ్లు కారాయి. తుడిచి, మళ్లీ తెరిచి, నరసయ్యగారి అరచేతిలోకి చూశాడు.

"ఇదేంటక్కా, ఇంతయ్యింది! ఏం పెట్టావే దీనికి?"

"వేళ్లెన్నో చెప్పండి మాస్టారూ" అని సత్యం చెయ్యి చూపిస్తున్నా తమ్ముడు అటు చూడలేదు. బూరెను తన చేతిలోకి తీసుకున్నాడు. అది వాసన పట్టి, ముందు కాళ్లతో బుగ్గలు నొక్కుకుని, దాచుకున్నదంతా వాడి అరచేతిలో కక్కింది. వడ్లు, వాటిలో వలిచిన బియ్యం.

"ఒక్క నూక లేదు, చూడండి" అన్నారు నరసయ్యగారు, తనే వలిచినట్టు.

తమ్ముడు చెయ్యి దగ్గరికి తెచ్చుకుని, వేలితో గింజలు కదిలించాడు. "ఒకటుందండీ" అన్నాడు.

"ఏదీ?"

"ఇదుగో, కొస విరిగింది."

నరసయ్యగారు కళ్లజోడు పైకి, కిందికి జరిపారు. వంగారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశారు. కనపడలేదు. కాంపౌండరు తన చెయ్యి దించేసి, "ఇంక నేను వేళ్లు చూపించక్కర్లేదు" అన్నాడు.

అయిదున్నరకు తిరుగు ప్రయాణం. తిరువూరు దగ్గర పడ్డాక నరసయ్యగారు, "ఇలాంటివి విశాఖలో ఇంకా దొరుకుతాయా చెల్లెమ్మా?" అన్నారు. "మిల్లులో పెడతారా?" అన్నాను. "మాటవరసకి అడిగాను" అన్నారు.

దార్లో గుంటలున్నాయి గానీ దారి మంచిదే. పొద్దున్నే బయల్దేరండి, తడిగుడ్డ మర్చిపోకండి, బుట్ట పక్కన మాత్రం నిద్రపోకండి. నాకు ఆ ప్రయాణంలో గుర్తుండిపోయేది మా తమ్ముడి నవ్వు. కట్టు విప్పిన కంటితో వాడు మొదట నవ్వింది మమ్మల్ని చూసి కాదు. అయినా బాగుంది.

ఆరోజు ఉన్నవాళ్లం: నరసయ్యగారు, అనసూయమ్మ వదిన, డ్రైవరు మస్తాన్, నెమలి పూజారిగారు, కాంపౌండరు సత్యం, మా తమ్ముడు రామ్మూర్తి, బూరె, కోటేశ్వరమ్మ అనే నేను.