టైర్లు లేని బండిలో ఐర్లండ్

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు వీడియో కాల్ చేసింది. ఐర్లండ్‌లో నర్సుగా చేరి ఏడాదైంది, కొత్తగా కారు కొనుక్కుంది. పక్కన స్నేహితురాలు ఫోను పట్టుకుంటే ఇది నడుపుతూ మాకు పచ్చని కొండలూ, రాతి గోడలూ, రోడ్డుకు అడ్డంగా నిలబడిన గొర్రెలూ చూపించింది. "హారన్ కొట్టకమ్మా, ఆడ గొర్రెలే ముందు పోవాల" అన్నాను. నీకెట్లా తెలుసు పెదనాన్నా అంది. ఆ దేశం నేను నెలల తరబడి కార్లో తిరిగానన్నాను. మా ఆవిడ ఫోను లాక్కుని, ఈయన పాస్‌పోర్టులో కువైత్ ముద్ర తప్ప ఇంకొకటి లేదు, ఆ కోతలు నమ్మకు అని చెప్పింది. ముద్ర లేదు గానీ తిరగడం మాత్రం తిరిగాను.

ఇరాక్ సైన్యం కువైత్‌లోకి వచ్చిన ఏడు నేను రిగ్గైలో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవర్‌ని. కఫీల్, అంటే మా యజమాని, కుటుంబంతో వేసవికని విదేశం వెళ్ళి అక్కడే ఆగిపోయాడు. ఇంట్లో మిగిలింది ముగ్గురం. నేను, వంట చేసే రాయచోటి అక్క, పిల్లలకు ఇంగ్లీషు చెప్పే ఐర్లండ్ టీచరమ్మ. అక్కకూ నాకూ చుట్టరికం ఏమీ లేదు, తిట్టడంలో మాత్రం సొంత అక్కే. సైనికులు తెల్లవాళ్ళను పట్టుకుపోతున్నారు. దాచినవాళ్ళను కాల్చేస్తామని రేడియోలో చెప్పారు. మనవాళ్ళు బస్సులెక్కి జోర్డాన్ వైపు పోతుంటే, ఈమెను ఒంటరిగా వదల్లేక మేమిద్దరం ఉండిపోయాం. ఆమెను వెనక గదిలో దాచాం. సైనికులు కార్లు కూడా వదలడం లేదని, కఫీల్ పెద్ద బండి టైర్లు నాలుగూ ఊడదీసి దాన్ని ఇటుకల మీద నిలబెట్టాను. బ్యాటరీని ఖాళీ బియ్యం డబ్బాలో పెట్టాను. టైర్లు అక్క మంచం కిందికి చేరాయి. రబ్బరు వాసనకు నిద్ర పట్టడం లేదని ఆమె నన్ను నెలంతా సాధించింది.

ఒక ఉదయం టీచరమ్మ బూట్లు వేసుకుని, చేతిసంచితో హాల్లోకి వచ్చింది. ఆమె బూట్లు తొడిగి నలభై రోజులైంది. పక్క వీధిలో సోదాలు జరిగాయని పొరుగింటి అరబ్బు మాతో చెప్పడం ముందురోజు ఆమె చెవిన పడింది. నా వల్ల మీరిద్దరూ చావకూడదు, నేనే వెళ్ళి లొంగిపోతాను, ఖలాస్ అంది. మా ముగ్గురికీ ఉమ్మడి భాష వంటింటి అరబ్బీ. దాంట్లో బతిమాలడానికి మాటలు చాలవు. నాకొచ్చిన ఇంగ్లీషంతా లెఫ్ట్, రైట్, స్ట్రెయిట్, స్టాప్. నేను గుడ్లప్పగించి నిలబడితే అక్కే వెళ్ళి తలుపుకు అడ్డం నిలబడింది.

"పొయ్యేదానివి పో టీచరమ్మా. మా పిల్లోళ్ళ సంగతులు, మా మడికయ్యల సంగతులు అన్నీ అడిగి చెప్పిచ్చుకుంటివి. మీ ఊరు మాకు ఒక్కనాడన్నా చూపిచ్చినావా? చూపిచ్చి పో."

అదంతా తెలుగే. నేను ముక్కలు ముక్కలుగా అరబ్బీ చేసి, షెడ్డులోని బండి వైపు చెయ్యి చూపించాను. ఆమె మా ఇద్దరి మొహాలూ చూసింది. సరే, మా అమ్మ ఇంటి దాకా తీసుకుపోతాను, అక్కడ దిగగానే నేను వెళ్ళిపోతాను, మళ్ళీ ఆపకూడదు అంది.

టీచరమ్మ నా పక్కన, అక్క వెనక. షెడ్డు అప్పటికే పొయ్యిలా కాలుతోంది. ఊహలోని గేటు దాటగానే స్టీరింగ్ కుడికి తిప్పాను. టీచరమ్మ గుండెలు పట్టుకుని "లెఫ్ట్! లారీ!" అని అరిచింది. వాళ్ళ దేశంలో మనలాగే ఎడమ పక్కన పోవాలట. నేను బండి నేర్చుకుందేమో కువైత్‌లో, చేతులు వాటంతటవే కుడికి పోయాయి. అక్క వెనక నుంచి నెత్తిన ఒక్కటి మొట్టి, "కండ్లు యాడ పెట్టుకోని తోల్తాండావురా?" అంది. టీచరమ్మ నవ్వింది. నలభై రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు. ఇక ఒక్కొక్కటే చూపించుకుంటూ పోయింది. ఫలానా ఇంటి ముసలాయనకు పదకొండు కుక్కలు, ఫలానా చెరువులో తను చిన్నప్పుడు పడిపోయింది. వాన వచ్చింది, వైపర్ వెయ్యమంది. నా అరచేతినే అద్దం మీద అటూ ఇటూ ఆడించాను. అక్క చెమటలు కక్కుతూనే చలేస్తోందని తువ్వాలు కప్పుకుంది. గొర్రెలు అడ్డం వస్తే అవి పోయేదాకా ఆగాం. ఇంత గడ్డి మా మేకలకు రాసిపెట్టలేదే అని అక్క నిజంగానే బాధపడింది. రాతి వంతెన దగ్గర ఆగి, ఎండిన ఖుబ్జు రొట్టె కారప్పొడితో తిన్నాం.

సాయంత్రపు అసర్ నమాజు పిలుపు వినబడే వేళకు టీచరమ్మ గొంతు తగ్గింది. ఈ కొండ దిగితే చర్చి, చర్చి దాటగానే లెఫ్ట్, ఆ సందు చివరే అమ్మ ఇల్లు అంది. జన్మలో అంత నెమ్మదిగా బండి నడపలేదు. అయినా చర్చి రానే వచ్చింది.

"లెఫ్ట్" అంది.

కఫీల్ నిద్రమత్తులో చెప్పిన మలుపైనా తప్పినవాణ్ణి కాదు నేను. స్టీరింగ్ బిగించి పట్టుకున్నాను.

"లెఫ్ట్, లెఫ్ట్" అంది మళ్ళీ.

"స్ట్రెయిట్" అన్నాను. ఆమె వైపు చూస్తే ఏడ్చేస్తానని ముందు అద్దం మీంచి కళ్ళు తీయలేదు.

మలుపు దాటిపోయింది. ఆమె వెనక్కి తిరిగి దాన్నే చూస్తూ కూర్చుంది. "బుక్రా" అన్నాను. రేపు అని. వెనక నుంచి అక్క కూడా మెల్లగా "బుక్రా" అంది. కాసేపటికి టీచరమ్మ వంగి బూట్ల తాళ్ళు విప్పుకుంది.

మర్నాడూ బయలుదేరాం. మర్నాడూ ఆ మలుపు దాటేశాను, ఆ తర్వాత రోజూ అంతే. చలికాలంలో తెల్లవాళ్ళను వదిలేస్తున్నట్టు ప్రకటన వచ్చేదాకా మేము ఆ సందులోకి తిరగనే లేదు. ఆమె వెళ్ళేరోజు నా రెండు చేతులూ పట్టుకుంది. ఆమె అంటే నాకు అంత ప్రాణమని అప్పుడే తెలిసింది. కాలాన్ని ఆపడం ఎవరి వల్లా కాదు గానీ, ఒక్కో సాయంత్రాన్నీ రేపటి దాకా తోలుకుపోవచ్చని మాత్రం నేను తోలి చూశాను.