రోట్లో నూరిన మాత్ర

ఆ ఉదయం కూడా ఓదెలు ఆరు గాజు గిన్నెల్లో ఒంటివేడి నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో మూర్ఛ మాత్ర వేశాడు. పక్కనున్న లక్డారం ఊళ్లో పదేళ్లు కూలికి నాట్లు వేసిన మనిషి. 2004 నాటికి పటాన్‌చెరు మందుల ఫ్యాక్టరీ ల్యాబులో హెల్పరు. గంటసేపు తిప్పినా మాత్రలో మూడోవంతే కరుగుతుంది. అదే మందును మిల్లులో సన్నటి పూసలతో కంటికి ఆనని నానో కణాలుగా నూరితే పది నిమిషాల్లో నీళ్లలో కలిసిపోతుంది.

అతని భార్య మొగులమ్మ రోజూ మింగుతున్నది ఆ కరగని మాత్రే. రోజూ మింగినా వారానికి రెండుసార్లు మూర్ఛ వచ్చి పడిపోతోంది.

"సార్, గా కొత్త పొడి జెర మా ఇంటామెకు ఇయ్యరాదుండ్రి?" అని సైంటిస్టు సూర్యప్రకాశరావును అడిగాడు.

"ఇంకా ఎలుకల దగ్గరే ఉన్నామయ్యా. మనుషుల దాకా రావాలంటే ఆరేడేళ్లు పడుతుంది."

ఇంటికి పోయి ఓదెలు మాత్రను రోట్లో వేసుకుని కూర్చున్నాడు.

"మిరపకాయ తొక్కు నూరుమంటే చేతులు గుంజుతయంటవు. గోలీ నూరనీకె మాత్రం మస్తు బలమొచ్చిందే!" అంది మొగులమ్మ.

"నవ్వకు. సన్నగ నూరితెనే కరుగుతది."

చేతులు పడిపోయేదాకా నూరి, ఆ పొడిని కాగితంలో పొట్లం కట్టి మర్నాడు ల్యాబుకు తెచ్చాడు. గిన్నెలో వేస్తే సగం తెట్టులా పైనే తేలింది. సూర్యప్రకాశరావు కోప్పడలేదు. గంటయ్యాక నీళ్లు తీసి ఎంత కరిగిందో కొలిచే మిషన్లో తనే పెట్టాడు.

మాత్ర ముప్పై రెండు శాతం కరిగింది. కొత్త పొడి తొంభై ఆరు. ఓదెలు నూరింది ముప్పై ఎనిమిది.