పోయినది అని రాశాను

మొన్న పొద్దున పేపర్లో దేశంలోని నేరాల లెక్కలు వేశారు, ఏ రాష్ట్రంలో ఎన్ని దొంగతనాలు, ఎన్ని హత్యలు అని రంగురంగుల గడులతో. పార్కులో నాతోపాటు నడిచే రిటైర్డు మిత్రుడు అది చూసి, అంకె తక్కువున్న చోటే జనం హాయిగా ఉన్నట్టని తేల్చేశాడు. నాకు ఒళ్ళు మండింది. తక్కువైంది నేరాలా, రాసుకోవడమా అని కసిరి, నడక మధ్యలో వదిలేసి ఇంటికొచ్చాను. పాపం, ఆయన తప్పేముంది.

డెబ్బైలలో నేను ఆ లెక్కలు కట్టే ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాని. ఠాణాల నుంచి నెలనెలా వచ్చే కాగితాలన్నీ కూడి ఒక పెద్ద పట్టికలోకి దించడం నా పని. కిందటేడు అదే నెల కన్నా అంకె పెరిగితే సంజాయిషీ రాసుకోవాలి, తగ్గితే మా హెడ్ క్లర్కు అందరికీ చాయ్ చెప్పించేవాడు. ఆ చాయ్ మరిగి, అంకె తగ్గితే ఊళ్ళో దొంగలు తగ్గారనే నేనూ నమ్మాను, చదువుకున్న మూర్ఖుణ్ణి.

మేముండేది చాంద్రాయణగుట్ట దగ్గర ఒక గల్లీలో. గోడకవతల ఉండే పెద్దావిడ మా అమ్మకు అక్కలాంటిది, నేను ఖాలా అని పిలిచేవాణ్ణి, ఆమె భర్తను ఖాలూ అని. ఖాలూకి ఉబ్బసం, పనికి పోలేడు. పత్తర్‌గట్టి దుకాణాల వాళ్ళిచ్చే కుర్తాలు కుట్టి ఆమే ఇల్లు నడిపేది. ఒక శుక్రవారం ఆయన నమాజుకూ, ఆమె కుట్టిన బట్టలిచ్చి రావడానికీ వెళ్ళినప్పుడు ఎవరో గొళ్ళెం ఊడబీకి కుట్టుమిషను ఎత్తుకుపోయారు. ఆమె ఏడుస్తూ వచ్చి, "బేటా, నా మిషన్ పోయింది, జర దరఖాస్తు రాసియ్యి" అంది. గుండ్రటి అక్షరాలతో "నా కుట్టుమిషను పోయినది" అని రాసిచ్చాను.

మన భాషలో దారిలో జారిన తాళంచెవీ పోతుంది, దొంగ పట్టుకెళ్ళిందీ పోతుంది. ఠాణాలో ఆ మాటే దొరకబుచ్చుకుని, పోగొట్టుకున్న వస్తువుల రిజిస్టరులో ఎక్కించారు. పోగొట్టుకోవడం నేరం కాదు గనుక వెతికే పనీ లేదు. ఖాలా రెండుమూడుసార్లు వెళ్ళి అడిగితే, అది దొంగతనాల లెక్కలో లేదు పొమ్మన్నారు. నెలాఖరుకు ఆ ఠాణా కాగితం నా బల్ల మీదికే వచ్చింది, దొంగతనాల గడిలో సున్నా. అది అబద్ధమని నాకు తెలుసు. దొంగిలించారు అని ఇంకో దరఖాస్తు రాసిస్తే, హెడ్ క్లర్కుతో ఒక్క మాట అంటే సరిపోయేది. అంకె తగ్గిందని ఆయన సంబరంగా ఉన్నాడు, చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను. చాయ్ కూడా తాగాను.

దొంగతనాలే లేని చోట గస్తీ దేనికని, నా పట్టికను బట్టే మా గల్లీకి వచ్చే పోలీసు జవానును వేరే బస్తీకి మార్చారు.

ఖాలా ఎలాగో ఇంకో పాత మిషను సంపాదించుకుంది. మళ్ళీ ఒక శుక్రవారం, నమాజు వేళకే, దొంగ వచ్చాడు. ఆ రోజు ఆయాసం ఎక్కువై ఖాలూ ఇంట్లోనే పడుకుని ఉన్నాడు. లేచి మిషను పట్టుకుని వదలకపోతే వాడు తోసేశాడు, గడప రాయికి తల కొట్టుకుని ఆయన ప్రాణం అక్కడికక్కడే పోయింది.

కబురు అంది నేను ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చేసరికి ఖాలా ఏడుపు కూడా లేకుండా కూర్చుని ఉంది. నన్ను చూసి, "మీ ఖాలూ పోయిండు బేటా. గీ సారన్నా లెక్కల రాస్తవా?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. ఆ నెల హత్యల గడిలో ఒకటి నేనే వేశాను. అందులో నా పాలూ ఉందని ఎవరికీ చెప్పలేదు, ఆమెకు కూడా.

ఇప్పుడు ఫిర్యాదు ఫోన్లోనే పెట్టొచ్చట, కూడికలన్నీ కంప్యూటరే చేస్తుందట. మా చౌరస్తా మీద ఫ్లైఓవరు లేచింది, ఖాలా ఇల్లున్న చోట మూడంతస్తుల మేడ కట్టారు, ఆమే లేదు. మా ఇంట్లో ఎవరైనా ఏదైనా పోయిందంటే చాలు, పోయిందా, ఎత్తుకుపోయారా, సరిగ్గా చెప్పండి అని వెంటపడతాను. ముసలాయనకు చాదస్తమని పిల్లలు నవ్వుకుంటారు. నవ్వనీ. రాయాల్సిన రోజున రాయని మాటను ఇప్పుడు రోజూ అడుగుతున్నాను.