తూనిక ఎక్కనన్న బెల్లం మండీ ఆసామి

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మధ్యలో, గుండెకు రక్తం ఎంత అందుతోందో బొమ్మ తీసి చూపించే థాలియం మందు మా బెంగళూరు ఆసుపత్రికి వారానికి ఒక్కసారి విమానంలో వచ్చేది. సీసం డబ్బాలో చిన్న గాజు సీసా. మూడు రోజుల్లో సగం బలం పోయే మందు, దాచుకోవడానికి లేదు. రోగి బరువు చూసి, అందుకు తగ్గ మోతాదు లెక్కగట్టి సిరంజిలో నింపడం నా ఉద్యోగం. నంద్యాల నుంచి వచ్చి చేరి ఏడాది అయింది. పుల్లలా ఉంటానని ఆసుపత్రిలో నాకు పెట్టిన పేరు పుల్లమ్మ. ఎవరు పెట్టారో, అప్పుడు ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే. (వాళ్ళలో ఇద్దరికి నేటికీ క్రిస్మస్ కార్డు పంపను.)

ఒక గురువారం తరగుపేట బెల్లం మండీ ఆసామి వచ్చాడు. ఆయనకు ఆపరేషన్ చేయాలా వద్దా అన్నది మా బొమ్మ చూసి మర్నాడు పొద్దున్నే సర్జన్ తేల్చాలి. మందు తక్కువైతే బొమ్మ మసక, పై వారం దాకా ఆగాలి. అన్నాళ్ళు ఆగే గుండె కాదది. ఎక్కువైతే అక్కర్లేని రేడియేషన్ ఆయన ఒంట్లోకి పంపినట్టు. కేస్ షీట్‌లో బరువు అరవై రెండు కిలోలని ఉంది. మనిషేమో తలుపులో పక్కకు తిరిగి లోపలికొచ్చాడు.

"అయ్యా, ఒకసారి ఈ మిషన్ ఎక్కండి" అన్నాను.

"ఎక్కను పాపా. మొక్కు ఉండాది."

తులాభారం మొక్కట. గుండె బాగైతే దేవుడి తక్కెట్లో కూర్చుని తన ఎత్తు బెల్లం ఇస్తానని మొక్కుకున్నాడు. అంతవరకు ఇంకే తూనికా ఎక్కడట. మరి ఈ అరవై రెండు ఎక్కడిదంటే, వార్డులో నర్సు అడిగితే పెళ్ళినాటిది చెప్పాడట. "అబద్ధం యాడిది? అప్పుడు అంతే ఉంటి" అన్నాడు నిబ్బరంగా.

ఇంతలో మా పెద్దడాక్టరు వచ్చాడు. "ఉన్న అంకె వేసి నింపెయ్. టైమ్ అవుతోంది" అన్నాడు. ఆ అంకెకు నింపనన్నాను. అప్పుడాయన, ఆసామి ముందు, ఆయన భార్య ముందు, ట్రెడ్‌మిల్ నడిపే కుర్ర డాక్టరు ముందు అన్న మాట: "నీ పని సూది నింపడం. ఆలోచించడానికి మేమున్నాం." (కుర్ర డాక్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. అదీ గుర్తే.) సిరంజి ట్రేలో పెట్టేసి చేతులు కట్టుకున్నాను. ఉద్యోగం పోతే హాస్టల్ ఖాళీ చేయాలి, నాన్నకు ఏమని ఉత్తరం రాయాలి? అయినా చేతులు విప్పలేదు.

"తొంభై నాలుగు" అంది ఆసామి భార్య, స్టూలు మీద నుంచి కదలకుండా. "ముప్పై ఏండ్లు మండీలో తక్కెడ పక్కనే కూసోనుండా. మూటను చూస్తే చెప్తా. ఈయప్ప తొంభై నాలుగు."

"ఏమే, నన్ను మూట అంటావా!"

"మూటయితే చెప్పినమాట ఇనేది."

"కంటితో తూచిన బరువుకు మందు ఎక్కించమంటారా?" అన్నాడు పెద్దడాక్టరు. ఆవిడ నావైపు తిరిగి కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది. "ఈ పాప నలభై మూడు. అంతా ఎముకలే."

"నలభై ఎనిమిది!" అన్నాను. (అమ్మకు రాసే ఉత్తరాల్లో అంతే రాసేదాన్ని.) ఆవిడ మాట తప్పని చూపిద్దామని అందరి ముందూ మిషన్ ఎక్కాను. ముల్లు నలభై మూడు మీద ఆగింది. అందరూ నవ్వారు. ఆసామి అయితే గుండె పట్టుకుని మరీ నవ్వుతుంటే నర్సు పరుగున వచ్చి కూర్చోబెట్టింది.

పెద్దడాక్టరు నవ్వు ఆపి, "సరే, నేనెంత?" అన్నాడు.

"డెబ్బై ఎనిమిది."

"డెబ్బై ఒకటి" అంటూ ఎక్కాడు. డెబ్బై ఎనిమిది. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన దిగి, కోటు తీసి కుర్చీకి తగిలించి, మళ్ళీ ఎక్కాడు. డెబ్బై ఏడు. గోడవైపు చూస్తూ, "తొంభై నాలుగుకు నింపు" అన్నాడు.

నింపాను. ఆసామి ట్రెడ్‌మిల్ మీద రొప్పుతుండగా సూది ఎక్కించి, కెమెరా కింద పడుకోబెట్టారు. తెరమీద చుక్కలు ఒక్కొక్కటే పడుతున్నాయి. మొదట ఏమీ తెలియలేదు. బొమ్మ మసకగా వస్తే ఆ తప్పు ఎవరి మెడకు చుట్టుకుంటుందో నాకు తెలుసు. నిమిషాలు గడిచేకొద్దీ చుక్కలు గుమికూడి గుర్రపు నాడా ఆకారం కట్టాయి. ఒక పక్కన రక్తం అందని ఖాళీ, వేలు పెట్టి చూపించేంత స్పష్టంగా. మర్నాడే ఆపరేషన్ ఖాయం చేశారు. ఆసామి బతికాడు.

బొమ్మ తీసిన రోజు సాయంత్రం పెద్దడాక్టరు దాన్ని చాలాసేపు చూసి, కెమెరాను అరచేత్తో తట్టి, "మంచి మిషన్" అన్నాడు. నేను రెండడుగుల దూరంలో నిలబడే ఉన్నాను. తర్వాతి మాట నాకోసమే అనుకుని, ఆయన కోటు వేసుకుని వెళ్ళిపోయేదాకా కదల్లేదు.

ఆ తర్వాత ఆయన కిందే పద్దెనిమిదేళ్ళు పనిచేశాను. ఆయన పోయి కూడా చాలా కాలమైంది. అంత్యక్రియలకు వెళ్ళినప్పుడు వాళ్ళ అమ్మాయి నా చేతులు పట్టుకుని, "నాన్న మీ గురించి ఇంట్లో ఎప్పుడూ చెప్పేవారు, మహా మొండిదనేవారు" అంది. దానికి నేను ఏడ్చాను. ఇంటికొచ్చాక మాత్రం, అదే ముక్క నాతోనే అని ఉండొచ్చుగా అని రాత్రి దాకా కోపంగానే ఉన్నాను.