దుద్దుల చట్రం

అద్దం పగిలిన పాత ఫోటో ఫ్రేము ఒడిలో బోర్లా పెట్టుకుని, మిషనక్క దాని వెనక ఇనుప జాలీ బిగిస్తోంది. ఆ ముక్క వంటింటి బీరువా విరిగిన తలుపులోంచి కత్తిరించింది. ఇంట్లో సుత్తి లేదు. చెడిపోయిన తాళంకప్పతోనే చిన్న మేకులు దిగ్గొడుతోంది. జాలీ వదులైతే దుద్దుల బరువుకి పొట్టలా ముందుకొస్తుంది. అందుకే ఒక మూల కొట్టాక, దానికి ఎదురుమూల లాగి కొడుతోంది.

"దొంగసొత్తుకి బీరువా తయారు చేస్తున్నారా వదినా?" అంది గుమ్మంలో కాపలా కూర్చున్న మరదలు.

"సొత్తు నీదే. దొంగెవరో తేలనీ, పేరు రాసి పైన తగిలిద్దాం."

ఆమెకి కుట్టుపని ఎవరూ నేర్పలేదు. పాత జాకెట్లు కుట్లు విప్పి, ముక్కలు నేలమీద పరిచి, మళ్ళీ కుట్టి నేర్చుకుంది. అద్దెకున్న ఇల్లు పడగొట్టేశాక, ఎనిమిది నెలల క్రితం కుట్టుమిషనుతో సహా తమ్ముడింటి ముందుగదిలోకి వచ్చింది. నాలుగు రోజుల క్రితం మరదలి ఎర్రరాయి దుద్దుల్లో ఒకటి కనపడకుండా పోయింది.

"ఇంట్లో ఉన్నది ముగ్గురం. అందులో ఇద్దరం సొంతవాళ్ళం," అంది మరదలు ఆ రోజు, మిషనక్క గదంతా వెతికాక. "ఆదివారానికి దుద్దు దొరక్కపోతే మిషను బయట పెట్టుకోండి." తమ్ముడు పేపర్లోంచి తల ఎత్తలేదు.

మిషనక్క ఏడవలేదు, ఒట్లూ పెట్టలేదు. "నీ నగల డబ్బా ఇలా ఇవ్వు. ఏముందో, ఏది లేదో కంటికి కనపడేలా చేసిస్తా. ఆ తర్వాత మాట్లాడు," అంది.

ఇవాళ ఆదివారం.

నగల డబ్బా అంటే బిస్కెట్ల డబ్బా. గొలుసులు, గాజులు, ఉంగరాలు, దుద్దులు, పిన్నీసులు అన్నీ ఒకటే గుట్ట. ముందు గొలుసుల చిక్కు పట్టుకుంది. ముడి మీద కాస్త పౌడరు చల్లి, రెండు సూదులతో అటూ ఇటూ వదులు చేసింది. ఒక్కచోట కూడా గుంజలేదు.

"ముప్పావుగంటనుంచి ఒక్క గొలుసేనా? నేనైతే ఈపాటికి లాగేసేదాన్ని."

"తెలుస్తూనే ఉంది. మూడుచోట్ల అతికించినట్టుంది."

తెర కొక్కేలు నాలుగు ఫ్రేము కింది అంచుకి బిగించి గొలుసులు వేలాడదీసింది. గుడ్డ చుట్టొచ్చిన అట్టగొట్టానికి పాత లంగా అంచు చుట్టి గాజులు ఎక్కించింది. మందుసీసాల మూతలు అట్టమీద వరసగా అతికించి, ఉంగరాలు ఒక్కోదాన్లో ఒక్కోటి పెట్టింది. ఇక మిగిలినవి దుద్దులు. కాడ జాలీలోంచి దూర్చడం, వెనక శీల బిగించడం, పక్కనే దాని జత. తొమ్మిది జతలు అలా ఎక్కాయి.

పదోది ఒంటి ఎర్రరాయి. కాడ దూర్చి శీల తిప్పింది. శీల తిరుగుతూనే ఉంది, బిగుసుకోవడం లేదు. వదలగానే దుద్దు ఒళ్ళో పడింది. పక్క దుద్దు శీల తీసి దీనికి పెట్టి చూసింది. అదీ ఊరికే తిరిగింది. కాడని వెలుగుకి ఎత్తి పట్టుకుంది. మర పూర్తిగా అరిగి నున్నగా ఉంది.

ఫ్రేముని గోడమేకుకి తగిలించింది.

"తమ్ముడూ, ఇలా రా. అమ్మాయ్, ఇదొక్కటీ నువ్వే పెట్టు."

"అదేం, చేతులు నొప్పెట్టాయా?" మరదలు లేచొచ్చి దుద్దు పెట్టింది, ఫ్రేము అంచు ఎత్తి వెనక శీల తిప్పింది. "బాగానే ఉందిగా!" అని వెనక్కి తిరిగింది. రెండడుగులు వేసేలోపు దుద్దు టింగుమని నేలమీద పడి, దొర్లుకుంటూ మిషను కిందికి పోయింది.

తమ్ముడు మోకాళ్ళమీద కూర్చుని తీశాడు. కాడ చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. "దీని జత కూడా ఇంతే వయసుది కదా," అన్నాడు.

"ఆ రోజు ఎక్కడెక్కడికి వెళ్ళావు?" అంది మిషనక్క.

కూరగాయల బజారు, బస్సు, ఆసుపత్రి, మళ్ళీ బస్సు. మరదలు మనసులోనే లెక్కేసుకుంది. చెయ్యి దానంతటదే చెవి తడుముకుంది. గొంతు పెంచింది. "అయితే ఇప్పుడేంటి? మీ కాళ్ళు పట్టుకోవాలా?"

"వద్దు. వాటికి మిషను తొక్కే పనుంది."

"సరే, ఉండండి. ఎవరొద్దన్నారు?"

"నువ్వే అన్నావు. ఉంటాను. కానీ ఈ గదికి లోపల గడియ పెట్టించుకుంటా. తమ్ముడూ, రేపే మనిషిని పిలువు. నా గదిలోకి ఇక చెప్పకుండా ఎవరూ రావద్దు."

తమ్ముడు తలూపాడు. ఈసారి అతని చేతిలో పేపరు లేదు.

మిషనక్క ఎర్రరాయి కాడకి సన్నదారం రెండు చుట్లు బిగించి చుట్టి, దాని మీద శీల తిప్పింది. పట్టుకుంది. ఫ్రేముని మేకు మీంచి దించి దులిపింది. ఒక్క దుద్దూ రాలలేదు.

"జాలీలో పట్టడానికి ఈ దారం చాలు. చెవికి పెట్టుకోవాలంటే కంసాలిచేత కొత్త మర వేయించుకో. పక్కన చోటు ఖాళీగా వదిలాను, జత దొరికితే పెట్టుకో. దొరక్కపోతే రోజూ చూడు."

మరదలు రెండు చేతులా ఫ్రేము అందుకుంది.