రెండు బ్యాటరీల వ్యాను

పాలమూరు జిల్లాలో నేను తోలిన సర్కారు వ్యాను ఒక్కనాడూ మొరాయించలేదు. తాళం తిప్పితే చాలు, పెంపుడు కుక్కలా లేచి వచ్చేది. ఈ మాట చాలా చోట్ల చెప్పాను, కొందరు నమ్మారు కూడా.

అది సాగదీసిన మాటే. ఒకసారి మొరాయించింది.

టీకాలు వేయించుకోండని, కొత్త విత్తనాలు చల్లండని ఊరూరా మైకులో చెప్పే వ్యాను అది. అరవయ్యో దశకం మొదటి రోజులు. వ్యాను వెనుక భాగమే నా ఇల్లు: ఒక బల్ల, ఒక స్టవ్వు, ఒక బల్బు. బ్యాటరీలు రెండు. ముందుది ఇంజనుకు, వెనుకది బల్బుకూ మైకుకూ. బండి నడుస్తుంటే డైనమో ఒకసారికి ఒక్కదాన్నే నింపేది. సగం దారి దానికి, సగం దారి దీనికి మీట మార్చుకుంటూ పోవాలి.

అది మొరాయించిన ఊళ్లో ఆ రాత్రి గొర్రెలు కాసే కురుమల కొలుపు, వాళ్ల దేవుడి పండుగ. డోళ్లు కొడుతూ తెల్లవార్లూ దేవుడి ఒగ్గు కథ చెప్పేవాళ్లకు మైకు ఇచ్చాను. ఎత్తుకున్న కథను నడుమ ఆపితే మందకు కీడని వాళ్ల నమ్మకం. తొలికోడి కూసే వేళకు వెనుక బ్యాటరీ నీరసించి మైకు గొణగసాగింది.

"కత నడుమ నిలిస్తే గొర్లు సస్తయి, డ్రైవర్ సాబ్," అన్నాడు కొలుపు చేయిస్తున్న పెద్దాయన. "ముందట ఇంకోటి ఉన్నది గద?"

"అది బండికి, పెద్దయ్యా."

"బండి ఇప్పుడు ఏడికి పోతాంది?"

నిజమే కదా అనిపించింది. తీగ తీసి ముందుదానికి తగిలించాను. మైకు మళ్లీ గర్జించింది. జనమంతా నాకు మొక్కారు. మొక్కలేదులెండి, ఒకరిద్దరు తలూపారు.

పొద్దెక్కాక కథ ముగిసింది. అప్పుడే పెద్దాయన భార్య పరుగెత్తుకొచ్చింది. కోడలికి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది, మంత్రసాని తన వల్ల కాదన్నదట.

"జర జల్ది, కొడుకా! దవాఖానకు తోలు!"

తాళం తిప్పాను. టక్కుమంది. మళ్లీ తిప్పితే అదీ లేదు. ముందు హ్యాండిలు పెట్టి ఇంజను తిప్పాను, మగవాళ్లంతా తోశారు. నిప్పురవ్వ పుట్టేంత కరెంటు కూడా మిగల్లేదు. పెద్దాయన ఎడ్లు కట్టించాడు. కోడలిని బండిలో పడుకోబెట్టి గొంగడి కప్పారు.

ఆ తర్వాతి సంగతి నేను ఇలా చెప్పేవాణ్ని: బ్యాటరీ కాసేపటికి తేరుకుంది, దిబ్బ మీది నుంచి తోయిస్తే ఇంజను అందుకుంది, సగం దారిలో ఎడ్లబండిని పట్టుకున్నాను, ఆ కోడలిపిల్లను నా చేతులతో ఎత్తి వ్యానులో వేసుకున్నాను, దవాఖాన గడపలో ప్రాణం పోయింది.

కొన్నేళ్లకు మళ్లీ ఆ ఊరికి పోయినప్పుడు, వెంట వచ్చిన టీకాల ఉద్యోగికి ఇదే చెబుతున్నాను. పక్క అరుగు మీద ఒక ముసలామె ఉన్ని వడుకుతోంది. ఆ కోడలి అత్తే. కదురు ఆపి నా వైపు తిరిగింది.

"నువ్వెప్పుడు ఎత్తినవ్, కొడుకా? నా కోడలు ఎడ్లబండ్లనే పోయింది, వాగు దాటకముందే, నా ఒడిల. పీనుగుతోని మర్లి వచ్చెటాలకు నీ వ్యాను గాడ్నే ఉండె. నువ్వు దాంట్ల పండుకున్నవ్."